పాత యాజ్ఞకు క్రొత్త యర్థము



కంప్యూటరు పనికై హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోయిన పిల్లలు లేని వీథి నేడు మన గ్రామములలో అరుదు. అచ్చట మీరు చేయు పని యేమని యడిగినచో “ప్రోగ్రాములు వ్రాయుచున్నాము” అని చెప్పుదురు. వ్రాత యనగా మన తరమునకు కలము, కాగితము. మన తాతల తరమునకు గంటము, తాటాకు. ఈ పిల్లలకో, అక్షరములు చెక్కిన మీటల పలక యొకటి, ఎదుట వెలుగు తెర యొకటి, ఆ రెంటికి నడుమ కంటికి కనబడని పరిచారకు డొకడు. మీట నొక్కిన యక్షరమును తెరపై నిలుపుట, వలదన్నదానిని చెరపుట, ఇచ్చటి మాట నచ్చటికి జరుపుట, నకలు తీసి పెట్టుట - ఇవి వాని పనులు. ఆ పరిచారకునకు టెక్స్ట్ ఎడిటరు అని పేరు. వాడును ఒక ప్రోగ్రామే.

అట్టి యెడిటరులలో మిక్కిలి పాతదియు, నేటికిని వాడుకలో నున్నదియు నగు నొకదానియందు, ఒక యాజ్ఞ తక్కిన యాజ్ఞలతో పొసగక యున్నది. అది పొసగదని యందఱకును తెలియును. ఎట్లు దిద్దవలెనో కూడ అందఱకును తెలియును. దిద్దుటకు పట్టునది ఒక్క పంక్తి. అయినను దానిని దిద్దుటకు నలువదియైదు సంవత్సరములు పట్టినది. అదియు ఒక శాఖవారే దిద్దిరి. మఱియొక శాఖవారు నేటివఱకు వచ్చిన తమ సంచికలలో దానిని కదల్పలేదు. ఇది సోమరితనము కాదు. ఏల కాదో చెప్పుటయే నేటి ప్రసంగము.

ఆ యెడిటరు పేరు వీఐ. అమెరికా దేశమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ విద్యాస్థానమున బిల్ జాయ్ అను విద్యార్థి 1976 ప్రాంతమున దానిని వ్రాయ నారంభించెను. దానికి పూర్వము బెల్ ప్రయోగశాలలో కెన్ టాంప్సన్ అను నాయన వ్రాసిన ఈడీ అను నెడిటరు కలదు. ఈడీ ఒక్కొక పంక్తినే చూపునట్టిది; వ్రాతప్రతి నంతను కన్నులయెదుట పఱచునది కాదు. వీఐ తెర నిండుగ చూపునట్టిది. 1979లో బర్కిలీవారి రెండవ పంపిణీతో అది ఈ పేర లోకమున వ్యాపించెను.

ఆనాటి పరికరముల నెఱుగనిదే దాని యాజ్ఞలు ఏల అంత పొట్టిగా నున్నవో బోధపడదు. బిల్ జాయ్ ఇంటినుండి పని చేయునపుడు టెలిఫోను తీగపై క్షణమునకు దాదాపు 30 అక్షరములు మాత్రమే ప్రయాణము చేసెడివి. తెరమీద 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు. అనగా ఒక తెర నిండవలెనన్న నిమిషమునకు పైగా పట్టును. ఇట్టి స్థితిలో “ఈ పంక్తిని తీసివేయుము” అని పొడవుగా వ్రాయు నోపిక యెవరికి? కావున ఒక్కొక యాజ్ఞకు ఒక్కొక యక్షరమే చాలునట్లు చేసిరి. పాణిని సూత్రములను గూర్చి మన పండితులు చెప్పు మాట యొకటి కలదు గదా - అర్ధమాత్ర తగ్గినను వైయాకరణునకు పుత్రోత్సవమంత సంతోష మని. బిల్ జాయ్ గారికి ఆ సంతోషము టెలిఫోను తీగ బలవంతముగ నేర్పినది.

ఇక ఆ యాజ్ఞల వ్యాకరణమును కొంచె మోపికతో వినుడు. వీఐకి రెండు స్థితులు. ఒక స్థితిలో మీట నొక్కిన నక్షరము తెరపై పడును, అది వ్రాత. మఱియొక స్థితిలో మీట నొక్కిన నక్షరము పడదు, పని జరుగును, అది యాజ్ఞ. ఆజ్ఞాస్థితిలో చిన్న డి యనిన “తీసివేయుము” అని యర్థము. చిన్న సి యనిన “మార్చుము”, అనగా ఉన్నది తీసి క్రొత్తది వ్రాయనిమ్ము అని. చిన్న వై యనిన “నకలు తీసి చేత పట్టుకొనుము” అని. ఇవి క్రియలు. క్రియ యొక్కటి చెప్పిన చాలదు. ఎంతమేర అని కర్మ చెప్పవలెను. కర్సరు నిలిచిన చోటునుండి పంక్తి చివరవఱకు అనుటకు డాలరు గుర్తు. పంక్తి యంతయు ననుటకు ఆ క్రియాక్షరమునే రెండుమాఱులు చెప్పుట. కావున డి, డాలరు అనిన ఇచ్చటినుండి చివరవఱకు తీసివేయుట. డి, డి అనిన పంక్తినంతయు తీసివేయుట. వై, డాలరు అనిన ఇచ్చటినుండి చివరవఱకు నకలు. వై, వై అనిన పంక్తినంతయు నకలు. ఎంత చక్కని కూర్పు! పది క్రియలు, పది కర్మలు నేర్చినచో నూఱు వాక్యములు వచ్చినట్లే.

ఇంగ్లీషు లిపిలో పెద్దబడి, చిన్నబడి యక్షరములు వేఱువేఱు గదా. పెద్ద డి యనిన డి, డాలరునకు పొట్టిరూపము: చివరవఱకు తీసివేయుట. పెద్ద సి యనిన సి, డాలరునకు పొట్టిరూపము: చివరవఱకు మార్చుట. ఇంతవఱకు విన్న మీరు, పెద్ద వై యననేమి అని నేనడిగినచో ఏమందురు? చివరవఱకు నకలు తీయుట యని తడుముకొనక చెప్పుదురు. నా తరగతిలో నెనిమిదేండ్ల బాలుడును అట్లే చెప్పును. కాని వీఐలో పెద్ద వై యనిన పంక్తినంతయు నకలు తీయుట! అనగా వై, వై యని చెప్పు దానికే మఱియొక పేరు.

పెద్ద ఎస్ అను నాజ్ఞయు పంక్తినంతటిని మార్చునదే గాన, పెద్ద వై బొత్తిగా ఏకాకి కాదని దాని పక్షమున నొక మాట చెప్పవచ్చును. పంక్తి నకలు అన్నిటికంటె తఱచుగ కావలసిన పని యనియు వాదింపవచ్చును. అయినను వ్యాకరణము చదివినవాని చెవికి ఇది ముల్లువలె తగులును.

తప్పని తెలిసినప్పుడు దిద్దరాదా? ఇచ్చటనే చిక్కు.

వీఐలో ఆజ్ఞల వరుసను ముందే వ్రాసి భద్రపఱచుకొని, ఒక్క మీటతో వరుసనంతయు నడపించుకొను వీలు కలదు. మన యూరి లెక్కల పుస్తకము వంటి దొకటి కంప్యూటరులో నున్నదనుకొనుడు. “రామయ్య 500” అని యొక పంక్తి. దానివంటిదే మఱియొక పంక్తి దాని క్రింద కావలెను. పాత యలవాటు గలవాడు పెద్ద వై నొక్కి పి నొక్కును. పి యనిన “చేతిలో నున్న నకలును అతికింపుము” అని. పంక్తి నకలు గనుక దిగువను క్రొత్త పంక్తిగా నతుకును. రెండు మీటలతో పని ముగిసినది. ఈ రెండక్షరముల వరుసను ఎందఱో తమ ప్రోగ్రాములలో వ్రాసి పెట్టుకొన్నారు.

ఇప్పుడొక సంస్కర్త వచ్చి, వ్యాకరణము ప్రకారము పెద్ద వై యర్థమును మార్చెననుకొనుడు. కర్సరు “రా” మీద నున్నది. పెద్ద వై ఇప్పుడు పంక్తిని పంక్తిగా గాక, ఇచ్చటినుండి చివరవఱకు గల యక్షరములను మాత్రమే పట్టుకొనును. పి వచ్చి వానిని కర్సరున్న యక్షరము ప్రక్కన నతికించును. ఫలితము “రారామయ్య 500మయ్య 500”. రామయ్య పేరును పోయె, బాకీయును పోయె. పది పంక్తులైనచో కంటితో చూచి సవరింపవచ్చును. పదివేల పంక్తులపై రాత్రివేళ మనిషి లేకుండ నడచు పనిలో నిట్లు జరిగినచో? అపుడు యంత్రము తప్పు చేసితినని చెప్పదు. చెప్పిన పని చేసితినని చెప్పును. అది నిజమే. మాట మారలేదు, మాటకు అర్థము మారినది.

ఇంతకంటె కనబడని నష్ట మొకటి కలదు. ఇట్టి యాజ్ఞలు కొంతకాలమునకు మనస్సునుండి జారి వ్రేళ్ళలోనికి దిగును. వీణ వాయించువాడు ఏ మెట్టుమీద ఏ స్వరమని తలచుకొనునా? చుక్కలు పెట్టి ముగ్గు వేయు ఇల్లాలు చుక్కలను లెక్కించునా? ముప్పది యేండ్లు పెద్ద వై నొక్కిన చేతికి, నేటినుండి దాని యర్థము వేఱు అని చెప్పుట సులభము. చేయి వినుట సులభము కాదు.

మొలకలోనే దిద్దవలసినదని యందురేమో. మొలక ఎప్పుడు మానగునో తెలియుట కష్టము. బెల్ ప్రయోగశాలలోనే స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గారు మేక్ అను నొక ప్రోగ్రామును 1976లో వ్రాసిరి. దానికిచ్చు ఫైలులో ఆజ్ఞ గల ప్రతి పంక్తియు ట్యాబు అను నొక ప్రత్యేకమైన ఖాళీతో ఆరంభము కావలెనని నియమము. మామూలు ఖాళీలు ఎనిమిది పెట్టినను కంటి కొక్కటే రీతిగా కనబడును గాని మేక్ ఒప్పుకొనదు. ఇది చెడ్డ నియమమని కర్త కొలదివారములలోనే గ్రహించెను. కాని అప్పటికే దానిని పండ్రెండుగురు వాడుచుండిరి. వారిని చిక్కులపాలు చేయనేల యని ఊరకుండెను. ఆ పండ్రెండుగురి మొగము చూచి యుంచిన నియమము నేటికి లక్షలమందిని వేధించుచున్నది. ఆయన దయ తప్పని నేననను. కాని అటువంటి దయకు ఎవరు, ఎంతకాలము, ఎంత వెల చెల్లింతురో దయ చూపునాడు తెలియదు.

మన దేశముననే యొక పెద్ద మార్పు జరిగినది. మీలో పెద్దవా రెఱుగుదురు. 1957 ఏప్రిలు 1వ తేదీన రూపాయికి 16 అణాలు, 64 పైసలు అను లెక్క పోయి నూఱు పైసల లెక్క వచ్చెను. ప్రభుత్వమువారు ఆ దినమున చేసిన తెలివైన పని యేమనగా, క్రొత్తదానిని ఉత్త పైస యనక “నయా పైస” అనిరి. పైస యను పాత మాట యుండగా దాని యర్థమును మాత్రము చాటున మార్చినచో సంతలో ప్రతిదినము తగవే. పావలాకు 25, అర్ధరూపాయికి 50 సరిగా కుదిరినవి. అణాకు మాత్రము ఆఱుంబావు వచ్చి చిల్లర చిక్కులు పెట్టినది. పాతది జనుల చేతులనుండి తొలగిన పిమ్మట, 1964 జూన్ 1వ తేదీనుండి నయా యను మాటను తీసివేసిరి. ఏడేండ్లపాటు రెండు పేళ్ళు, పిదప ఒక్కటి. పావలా నాణెమును 2011లో చెల్లకుండ చేసినను, పావలా యను మాట మన నోట నేటికిని చెల్లుచునే యున్నది.

కంప్యూటరు పండితులు దీనివంటి యుపాయములనే వెదకిరి. వారి చమత్కారము చూడవలెనన్న పెద్ద వైకంటె చిన్న యు అను నాజ్ఞ మేలు. యు అనిన “ఇప్పుడు చేసినదానిని రద్దు చేయుము” అని. పాత వీఐలో రద్దగునది కడపటి మార్పు ఒక్కటే. మరల యు నొక్కినచో అంతకు ముందరి మార్పు రద్దుకాదు. రద్దు చేసినదే రద్దయి, మార్పు తిరిగి వచ్చును. మూడవమాఱు నొక్కిన మరల పోవును. వీథితలుపువలె లోపలికి వెలుపలికి ఆడుచుండునే కాని ఇల్లు దాటి పోదు. మార్పు ముందు రూపమును, వెనుక రూపమును మార్చి మార్చి చూచుకొనుటకు ఇది యనుకూలము. కాని అయిదు తప్పులు చేసినవానికి ఒక్క తప్పునకే ప్రాయశ్చిత్తము దొరకును.

బర్కిలీలోనే కీత్ బాస్టిక్ అను నాయన 1990 తరువాతి యేండ్లలో ఎన్‌వీఐ అను క్రొత్త వీఐని వ్రాసిరి. పాత వీఐలో ఈడీ భాగములు కలసియుండుటచే, దానిని పంచుటకు టెలిఫోను కంపెనీవారి అనుమతిపత్రము కావలసి యుండెను. స్వేచ్ఛగా పంచుటకు వీలుగా ఎన్‌వీఐ వచ్చినది. పాతదానితో అది యెంతగా పోలవలెనని పట్టుదల యనగా - గుణములతో మాత్రమే గాక దోషములతో సహా పోలవలెనని. అట్టి ప్రతిజ్ఞ పట్టినవాడు రద్దాజ్ఞను బాగుచేయు టెట్లు? యు, యు అనిన తలుపువలె ఆడవలెను, అది మార్చరాదు. ఆయన యేమి చేసెననగా, వీఐలో చుక్క గుర్తు అను నొక యాజ్ఞ ముందే కలదు. “కడపట చేసిన పనిని మరల చేయుము” అని దాని యర్థము. కావున యు నొక్కిన వెంటనే చుక్క నొక్కినచో “రద్దు చేయుటను మరల చేయుము”, అనగా అంతకు ముందరి మార్పును గూడ రద్దు చేయుము అని యగునట్లు చేసెను. చుక్కలు నొక్కుకొనుచు పోయినచో ఎంత వెనుకకైనను పోవచ్చును. నడుమ నొకమాఱు యు నొక్కినచో దిక్కు తిరిగి ముందుకు వచ్చును. పాతవాని యలవాటునకు వెండ్రుకవాసి లోటు లేదు. క్రొత్తవానికి కావలసినది దొరకినది. ఉన్న సూత్రముల అన్వయమునుండియే క్రొత్త ప్రయోగమును సాధించిన యీ యుపాయము, నేను చూచినవానిలో నెల్ల అందమైనది. కాని చెప్పక పోయినచో ఎవనికిని తోచదు. అది దాని లోపము.

హాలెండు దేశస్థుడగు బ్రామ్ మోలెనార్ గారు వేఱు త్రోవ పట్టిరి. ఆయన 1988లో అమీగా యను చిన్న కంప్యూటరు కొని, దానిపై వీఐ లేమిచే తానే యొకటి సిద్ధము చేయ బూనెను. 1991లో అది వెలువడెను. దాని పేరు విమ్. మొదట వీఐకి అనుకరణ మని యా పేరునకు అర్థము. పిదప ఆ పొడియక్షరములు చెడకుండగనే మెఱుగుపఱచిన వీఐ యని యర్థము మార్చిరి. పేరులోనే మన ప్రసంగవిషయ మంతయు నున్నది చూడుడు! విమ్‌లో యు నొక్కుచు పోయినచో ఒక్కొక మార్పే వెనుకకు పోవుచుండును; ముందుకు వచ్చుటకు కంట్రోలు అను మీటతో ఆర్ నొక్కవలెను. ఇది తేట. కాని యు, యు అలవాటు పడినవానికి ఇది ద్రోహమే. అందుచే మోలెనార్ గారు ఒక స్విచ్చు పెట్టిరి. విమ్ స్వభావములలో పాత వీఐతో భేదించు చోట్లకు ఒక్కొక యక్షరము గుర్తుగా ఏర్పఱచి, ఆ యక్షరములను ఒక జాబితాగా వ్రాసికొననిచ్చిరి. జాబితాలో యు అను నక్షరమున్నచో రద్దాజ్ఞ పాత తలుపువలెనే ఆడును. లేనిచో క్రొత్త రీతి. అన్నిటికిని కలిపి పాతరీతి యను నొక పెద్ద స్విచ్చు వేఱుగ కలదు.

ఆ పెద్ద స్విచ్చు మొదట ఏ వైపున నుండవలెను? ఇందులో మోలెనార్ గారి లోకజ్ఞత కనబడును. విమ్ వాడువాడు తన యిష్టములను వ్రాసికొను ఫైలు ఒకటి కలదు. ఆ ఫైలు ఉన్నచో వాడు విమ్ నెఱిగినవాడు; క్రొత్త రీతి నిమ్ము. లేనిచో వాడు వీఐ యని తలచి వచ్చిన పాతకాపు కావచ్చును, పాతరీతి నిమ్ము. ఇంటికి వచ్చినవాని చెప్పులను చూచి ఊరివాడో పొరుగూరివాడో తెలిసికొనినట్లు! 2016లో వచ్చిన 8.0 సంచికతో ఈ యేర్పాటు తిరుగబడెను. ఫైలు లేనివారు అప్పటికి పాతకాపులు గాక క్రొత్తగా నేర్చువారే యగుటచే, వారికిని క్రొత్త రీతియే వచ్చునట్లు చేసిరి.

స్విచ్చులు ఉచితముగ రావు. రెండు స్విచ్చులున్నచో నాలుగు విధముల విమ్‌లు ఉన్నట్లు. పది యున్నచో 1024 విధములు. ఏ మార్పు చేసినను ఇన్ని విధములలోను చెడలేదని చూచుకొనవలెను. ఒక తరముపై దయ మఱియొక తరమునకు చాకిరి యగును.

ఇంత చేసిన మోలెనార్ గారు పెద్ద వైని మాత్రము ముట్టలేదు. క్రొత్త రీతిలో నున్నను అది పంక్తినంతయు నకలు తీయును. సహాయపత్రములో ఆయన దాచక చెప్పిరి: చివరవఱకు నకలు తీయుటయే తర్కమునకు తగినది, కాని వీఐతో పొసగదు, కావలసినవారు ఈ పంక్తిని మీ ఫైలులో వ్రాసికొనుడు అని పంక్తిని గూడ నిచ్చిరి. యును మార్చినవాడు వైని ఏల మార్చలేదు? నా బుద్ధికి తోచిన సమాధాన మిది. యును మార్చుటచే ఇదివఱకు ఎవనికిని లేని శక్తి - పది యడుగులు వెనుకకు పోవు శక్తి - వచ్చినది. వైని మార్చుటచే వచ్చునది సౌష్ఠవము మాత్రమే. చివరవఱకు నకలు కావలసినవానికి వై, డాలరు ముందే యున్నవి. ఒక మీట తగ్గును, అంతే. సౌష్ఠవమునకై ఇతరుల లెక్కలను “రారామయ్య” చేయవచ్చునా? నేను పండితుడనై సౌష్ఠవమునకు ప్రాణము విడుచువాడనే యైనను, ఈ తూనికలో మోలెనార్ గారి పక్షముననే నిలుతును.

ఆయన 2023 ఆగస్టు 3వ తేదీన పరమపదించిరి. విమ్ వాడువారు వెల యియ్యనక్కఱలేదు, మనసైనచో ఉగాండా దేశమున కిబాలె యను చోటి నిరుపేద బాలలకు సాయము చేయుడని కోరి, తన పరిశ్రమ ఫలమును అటు మరలించిన మహాశయుడు. 2024 జనవరిలో వెలువడిన 9.1 సంచికను ఆయనకే యంకితము చేసిరి. అందును పెద్ద వై పాతయర్థమునే నిలుపుకొన్నది.

ఇక రెండవ శాఖ. 2014లో బ్రెజిల్ దేశపు తియాగో దె అరుడా గారు విమ్‌నుండి చీల్చి నియోవిమ్ అను దానిని ఆరంభించిరి. పాతరీతి యను పెద్ద స్విచ్చును వారు తీసివేసిరి. 2021 నవంబరులో వచ్చిన 0.6 సంచికలో పెద్ద వై చివరవఱకు నకలు తీయునట్లు మార్చిరి. దుడుకువారని తలపకుడు. వారు మార్చిన తీరు గమనింపదగినది. మూలమైన పెద్ద వై యాజ్ఞను వారు తాకలేదు. దానిపై నొక మారుపేరు కప్పిరి. పెద్ద వై నొక్కినచో వై, డాలరు నొక్కినట్లు భావింపుము అని. జాగ్రత్తపరులు ప్రోగ్రాములు వ్రాయునపుడు మారుపేరులను పాటింపక మూలార్థమునే గ్రహింపుమని తెలుపుటకు ఆజ్ఞకు ఆశ్చర్యార్థక మొకటి చేర్తురు. అట్లు వ్రాసినవారి ప్రోగ్రాములలో పెద్ద వై నేటికిని పంక్తినంతయు నకలు తీయును. మార్పు తగిలినది మీట నొక్కు చేతికిని, ఆ గుర్తు చేర్పక వ్రాసినవారికిని మాత్రమే.

ఈ పద్ధతి మనకు క్రొత్త గాదు. పాణిని సూత్రములలో చెప్పినదియు, చెప్పక విడిచినదియు, సరిగా చెప్పనిదియు విమర్శించి కాత్యాయనుడు వార్తికములు వ్రాసెనే కాని సూత్రపాఠమును చెరిపి వ్రాయలేదు. మన తెలుగున 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున చేరని ప్రయోగములకై బహుజనపల్లి సీతారామాచార్యులు గారు 1885లో ప్రౌఢవ్యాకరణమును రచించినప్పుడు, దానికి త్రిలింగలక్షణశేషమని పేరు. శేష మనగా మిగిలినది. సూరిగారి సూత్రమును వల్లించిన విద్యార్థి దానిని మఱచి మరల నేర్వ బనిలేదు. ప్రక్కన మఱికొన్ని చేర్చుకొనిన చాలును.

ఇపుడు రెండు శాఖలవారికిని ఒక్కొక పంక్తి చాలును. విమ్ వాడుచు క్రొత్త యర్థము కోరువాడు తన ఫైలులో మ్యాప్ అని వ్రాసి, పెద్ద వై, దాని ప్రక్క చిన్న వై, డాలరు వ్రాసికొనును. నియోవిమ్ వాడుచు పాతయర్థము కోరువాడు అన్‌మ్యాప్ అని వ్రాసి పెద్ద వై వ్రాసికొనును. కప్పిన మారుపేరు తొలగి మూలము బయటపడును. నేను ఉద్యోగవిరమణానంతరము ఛందఃపాఠములు వ్రాసికొనుటకై విమ్ నేర్చినవాడను గనుక, నా ఫైలున మొదటి పంక్తిని వ్రాసికొంటిని. నాకు నేర్పిన మా బంధువుల కుఱ్ఱవాడు నియోవిమ్ వాడును, రెండవ పంక్తిని వ్రాసికొన్నాడు. వాని వ్రేళ్ళు పెద్ద వైని నేర్చి ఇరువదియేండ్లయినది.